వాళ్ల రంగు మన చేతిలో

ఇరవై ఎనిమిది ఆటలో పాట గెలిచినవాడు తురుపు ముక్కను బోర్లా పెడతాడు. అది ఏ రంగో మిగతా ముగ్గురికీ తెలియదు. బ్రిడ్జిలో ఆ దాపరికం లేదు. ఆఠీన్లు బలంగా ఉన్నవాడు "ఒక ఆఠీను" అని అందరికీ తెలిసేలా పాడాలి. ఆ పాట విని పక్కనున్నవాడు తన చేతిలోకి చూసుకుంటే అక్కడ ఆఠీను రాజు, జాకీ, పది, తొమ్మిది, మూడు కనిపించాయనుకోండి. ఇప్పుడేం చెయ్యాలి? డబుల్ అనాలా, పాస్ అని ఊరుకోవాలా, నోట్రంప్ పాడాలా, అదే రంగు తానూ పాడాలా? బ్రిడ్జి పాటల శాస్త్రం నూరేళ్లుగా ఈ ప్రశ్నకు జవాబులు మార్చుకుంటూ వస్తోంది. ఆ జవాబుల్లో ఏవి నిలిచాయి, ఏవి కొత్త జోడీకి అక్కరకొస్తాయి అన్నది ఇక్కడి సమీక్ష.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్రత్యర్థుల రంగు మన చేతిలో ఉన్నప్పుడు, మనం ఏం పాడామన్నదానికంటే మనం పాస్ అన్నాక ఎదురుగా కూర్చున్న పార్ట్‌నర్ ఏం చెయ్యడానికి కట్టుబడి ఉన్నారన్నదే ముఖ్యం. పుస్తకాల్లో పేరున్న కన్వెన్షన్లు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఈ ఒక్క బాధ్యతను ఎవరు మొయ్యాలో చెప్పేవే. తిరువూరు లాంటి ఊళ్లో పేక అంటే రమ్మీ. బ్రిడ్జి తెలిసిన నలుగురు ఒక బల్ల దగ్గర కలవడం కష్టం. పెద్ద ఊళ్ల క్లబ్బులకు వెళ్లాలి, లేదంటే 2001 నుంచి ఉన్న బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియని పార్ట్‌నర్‌తో కూర్చోవాలి. అలాంటివారికి ఈ ఒప్పందాలు మరీ అవసరం. రోజూ కలిసి ఆడేవాళ్లకు అలవాటు కొంత నేర్పుతుంది. కొత్తగా కలిసినవాళ్లకు ముందుగా అనుకున్న మాటే ఆధారం.

తెలుగు నేల మీద బ్రిడ్జికి ఒక గౌరవమైన ప్రస్తావన ఉంది. సికిందరాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతున్నారని పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో 1967 నవంబరులో తీర్పు వచ్చింది. జస్టిస్ హిదయతుల్లా అందులో రమ్మీని పూర్తిగా అదృష్టం మీద నడిచే మూడు ముక్కలాటతో జత కట్టకుండా విడదీశారు. పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవాలి కనుక అందులో నేర్పు ప్రధానమన్నారు. ముక్కలు పంచడంలో ఉండే అదృష్టం బ్రిడ్జిలో ఉన్నపాటిదేనని పోల్చి చెప్పారు. అంటే నేర్పుకు కొలబద్దగా కోర్టు బ్రిడ్జిని తీసుకుంది. రమ్మీలో ఆ నేర్పు ఒక్కడిది. బ్రిడ్జిలో ఇద్దరిది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ పురుషుల జోడీ విభాగంలో స్వర్ణం తెచ్చారు. ఆ పతకం ఇద్దరిదీ.

ఇక విషయంలోకి. మొదట చూడాల్సింది ముక్కల సంఖ్య కాదు, కూర్చున్న చోటు. పాటలోనూ ఆటలోనూ వరస సవ్యదిశలో తిరుగుతుంది. కుడివారు ఒక రంగు పాడితే వారి తర్వాత ముక్క వేసేది మనం. వారి దగ్గర ఆసు, రాణి ఉండి మన దగ్గర రాజు, జాకీ ఉంటే వారు రాణి వేసినప్పుడు మన రాజు దాన్ని కొడుతుంది. అదే రంగు ఎడమవారిదైతే కథ తిరగబడుతుంది. మనం ముందు వెయ్యాలి, వారు చూసి వేస్తారు. డమ్మీ నుంచి ఆ రంగు వచ్చినప్పుడల్లా మన రాజు వారి ఆసు కింద నలుగుతుంది. అవే ఐదు ముక్కలు కుడివారి మీదైతే నాలుగు ట్రిక్కులు తెచ్చేవి, ఎడమవారి కిందైతే ఒకటో రెండో పోగొట్టుకుంటాయి. కొత్త ఆటగాళ్లు పాయింట్లు మాత్రం లెక్కపెట్టి ఈ తేడాను వదిలేస్తారు. ఎడమవారు పాడిన రంగులో రాజు–జాకీ చూసి మురిసిపోవడానికి లేదు. కుడివారి రంగులో ఆసు–జాకీ–పది ఉంటే అది సొంత రంగంత విలువైనది.

డబుల్ అనే మాట మొదట్లో ఒక్కదాన్నే చెప్పేది: మీరు ఇది చెయ్యలేరు, మూల్యం చెల్లించండి. ఆక్షన్ బ్రిడ్జి తొలి రోజుల్లో వాళ్ల రంగు మన చేతిలో ఉంటే సమస్యే లేదు, డబుల్ అంటే సరిపోయేది. 1910ల్లో అమెరికాలో న్యూయార్కు వైపు మేజర్ చార్ల్స్ పాటన్, సెయింట్ లూయిస్‌లో బ్రయంట్ మెక్‌కాంప్‌బెల్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒక కొత్త వాడుక తెచ్చారు. తక్కువ మట్టంలో ప్రత్యర్థి పాట మీద డబుల్ అంటే ఆ రంగు నా దగ్గర లేదు, మిగతా మూడు ఉన్నాయి, నువ్వొకటి ఎంచుకో అని అర్థం. ఇదే టేకౌట్ డబుల్. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ ఓడ ప్రయాణంలో కాంట్రాక్ట్ బ్రిడ్జి లెక్కలు కూర్చేనాటికి ఇది స్థిరపడిపోయింది. ఒక రంగు పొట్టిగా ఉన్న చేతులు పొడుగ్గా ఉన్న చేతులకంటే చాలా తరచుగా వస్తాయి. కాబట్టి ఆ మాటను తరచుగా వచ్చే చేతులకు ఇచ్చెయ్యడం న్యాయమే. అయితే ప్రత్యర్థి రంగు నిండుగా ఉన్నవాడి నోట్లోంచి డబుల్ అనే మాట ఆ రోజే తీసేశారు.

మిగిలిన సగం 1957లో పోయింది. ఆల్విన్ రోత్, టోబియాస్ స్టోన్ తమ పద్ధతిలో నెగటివ్ డబుల్ తెచ్చారు. పార్ట్‌నర్ ఒక డైమను పాడాడు, కుడివారు ఒక ఇస్పేటు అన్నారు, ఇప్పుడు మన డబుల్ అంటే ఇస్పేట్లు కాదు, ఆఠీన్లు నాలుగు ఉన్నాయని. ఆ అక్టోబరులోనే సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను వదిలింది కనుక దీనికి స్పుత్నిక్ డబుల్ అన్న పేరు కూడా పడింది. ఇప్పుడు టోర్నమెంట్లలో ఇది లేని జోడీ కనిపించడం అరుదు. ఇది మేలైన మార్పే, అందులో నాకు సందేహం లేదు. కానీ మేలు చేసిన మార్పుకు వెల ఉంది. వాళ్ల రంగులో ఐదు ముక్కలున్నవాడు ఇక డబుల్ అనలేడు. ఆ పని పార్ట్‌నర్‌కు అప్పగించి పాస్ అనాలి. ఈ అప్పగింత ఇద్దరికీ తెలిసి జరగకపోతే నెగటివ్ డబుల్ వాడే జోడీ ప్రత్యర్థులకు ఉచితంగా దారి ఇచ్చినట్టే.

ఒక చేయి చూద్దాం. పార్ట్‌నర్ ఒక ఇస్పేటు పాడాడు. కుడివారు రెండు డైమన్లు అన్నారు. మన చేతిలో ఇస్పేటు ఐదు ఒక్కటే. ఆఠీన్లు ఆసు, ఎనిమిది, నాలుగు. డైమన్లు రాజు, జాకీ, పది, తొమ్మిది, మూడు. కళావర్లు రాణి, ఏడు, ఐదు, రెండు. మొత్తం 10 పాయింట్లు. నెగటివ్ డబుల్ ఆడే జోడీలో వాళ్లను శిక్షించాలంటే ఇక్కడ పాస్ తప్ప దారి లేదు. ఎడమవారూ పాస్ అంటారు. పార్ట్‌నర్ చేతిలో ఇస్పేట్లు ఆసు, రాజు, జాకీ, ఏడు, రెండు, ఆఠీన్లు రాజు, రాణి, ఆరు, మూడు, డైమను నాలుగు ఒక్కటే, కళావర్లు రాజు, తొమ్మిది, మూడు. పార్ట్‌నర్ డబుల్ అంటాడు. మనం ఇంకోసారి పాస్ అంటాం. ఆసు, రాణి మొదలుగా ఆరు డైమన్లతో పాడినవారికి మన ఐదు ముక్కలు గోడలా అడ్డుపడతాయి. తురుపులోనే మనకు నాలుగు ట్రిక్కులు రావచ్చు. ఇస్పేట్లలో రెండు, ఆఠీన్లలో రెండు మూడు కలిపితే వాళ్లకు మూడు ట్రిక్కులైనా తగ్గుతాయి.

ఈ చేతిలో కష్టమంతా పార్ట్‌నర్‌ది. తన దగ్గర ఒక్క డైమను ఉండటం చూసి అతను లెక్క కట్టాలి. ఓవర్‌కాల్ చేసినవారికి ఐదో ఆరో, నాకు ఒకటి, మిగిలినవి ఆరేడు. వారి పార్ట్‌నర్‌కు డైమన్లు ఉంటే మద్దతుగా పెంచి ఉండేవారు, పెంచలేదు. కాబట్టి అవి నా ఎదుటి చేతిలో ఉండి ఉండాలి. ఇలా అనుకుని డబుల్‌తో పాట మళ్లీ తెరవడమే రీఓపెనింగ్ డబుల్. అదనపు బలం లేకపోయినా, 12 పాయింట్ల కనీసపు చెయ్యి అయినా తెరవాలి. ఒక్క ముక్క ఉంటే తప్పకుండా, రెండు ఉంటే చాలాసార్లు, మూడు ఉంటే ఊరుకోవచ్చు. ఇది నేను సమర్థించే ఒప్పందం. మినహాయింపులు కూడా ముందే అనుకోవాలి. ఆ రంగులో ఒక్క ముక్కా లేకపోతే డబుల్ కంటే సొంత పాట మేలు. తురుపు లీడ్ చెయ్యడానికి ముక్క ఉండదు, తన బలమంతా పొడుగు రంగుల్లో ఉంటుంది. ఆరు ఇస్పేట్లు, ఐదు ఆఠీన్లు ఉన్న చేత్తో డబుల్ అనేసి పార్ట్‌నర్ పాస్ అంటే తన మంచి ముక్కలు వాళ్ల తురుపు కింద పోతాయి. పార్ట్‌నర్ తెరుస్తాడో లేదో తెలియక తానే రెండు నోట్రంప్ పాడేవాళ్లు ఉంటారు. ఆ భయానికి మూలం ఒప్పందం లేకపోవడం.

ఎప్పుడు పాస్ చేసి కాచుకోవాలి, ఎప్పుడు మన గేమ్ మనం పాడుకోవాలి అన్నది స్కోరు చెబుతుంది. డబుల్ చేసిన కాంట్రాక్టులో వల్నరబుల్ (లాభనష్టాలు పెరిగే స్థితి) కానివారికి ఒకటి నుంచి నాలుగు ట్రిక్కులు తగ్గితే వరసగా 100, 300, 500, 800. వల్నరబుల్ అయితే 200, 500, 800, 1100. 1987కు ముందు వల్నరబుల్ కానివారికి నాలుగు తగ్గితే 700 మాత్రమే ఉండేది. మన మూడు నోట్రంప్ విలువ వల్నరబుల్ అయితే 600, కాకపోతే 400. ఇప్పుడు పోల్చండి. వాళ్లు వల్నరబుల్, మనం కాదు అంటే రెండు తగ్గినా 500, మన గేమ్ కంటే ఎక్కువ. ఇద్దరమూ ఒకే స్థితిలో ఉంటే మూడు తగ్గాలి. మనం వల్నరబుల్, వాళ్లు కాదు అంటే నాలుగు తగ్గితేనే లాభం. పైన చెప్పిన చేయి చివరి స్థితిలో వస్తే నేను కాచుకోను, మూడు నోట్రంప్ వైపే వెళతాను. మనకు గేమ్ లేని చేతుల్లో ఇంకో లెక్క. మన చిన్న కాంట్రాక్టుకు 110, 140 వస్తాయి, వల్నరబుల్ ప్రత్యర్థికి ఒక్కటి తగ్గినా 200. జోడీల పోటీలో ఆ తేడాతోనే బోర్డు మనదవుతుంది. అయితే రెండు ఆఠీన్లు డబుల్ చేసి వదిలితే, వాళ్లు చేసేస్తే 470, వల్నరబుల్ అయితే 670 అని కూడా గుర్తుండాలి.

ఇంతవరకు మన వైపు పాట మొదలైన సందర్భం. వాళ్లు మొదలుపెడితే? కుడివారు ఒక ఆఠీను పాడారు. మనకు ఆఠీన్లు రాజు, రాణి, పది, తొమ్మిది, నాలుగు, బయట ఇస్పేటు ఆసు, డైమను ఆసు, కళావరు రాజు. 16 పాయింట్లు, సమంగా పరుచుకున్న చేయి. ఇక్కడ ఒక నోట్రంప్ ఓవర్‌కాల్ చక్కగా కుదురుతుంది. 15 నుంచి 18, వాళ్ల రంగుకు అడ్డు అన్నది అందరూ ఆడేదే. బలం 12 దగ్గరుంటే మాత్రం పాస్. దీన్ని ట్రాప్ పాస్ అంటారు. తర్వాత వచ్చే అవకాశానికి అర్థం ముందే అనుకోవాలి. ఎడమవారు ఒక నోట్రంప్ అని, కుడివారు తిరిగి రెండు ఆఠీన్లు పాడితే, మొదట ఊరుకున్న మన డబుల్ శిక్ష కోసం. టేకౌట్ కావాలంటే మొదటే అని ఉండేవాళ్లం కదా. కుడివారు రెండు కళావర్లకు మారితే అదే డబుల్ కళావర్లకు టేకౌట్, ఆఠీన్లు గట్టిగా ఉన్నాయన్న సూచనతో. ఈ తర్కం నిలబడాలంటే నాలుగో చేతిలో ఉన్న పార్ట్‌నర్ కూడా సాయం పట్టాలి. ఒక ఆఠీను, పాస్, పాస్ అని పాట తన దగ్గరికి వచ్చినప్పుడు ఎదురుగా ఒక రాజంత బలం దాగి ఉందనుకుని తక్కువ పాయింట్లతోనైనా తెరవాలి. అలా తెరవని పార్ట్‌నర్‌తో ట్రాప్ పాస్ ఆడితే మన చేతిలోని మంచి ముక్కలు ఒక ఆఠీను దగ్గరే ఆగిపోతాయి.

పార్ట్‌నర్ టేకౌట్ డబుల్ చేసినప్పుడు వాళ్ల రంగు మన చేతిలో ఉండటం మరో సంగతి. ఎడమవారు ఒక డైమను, పార్ట్‌నర్ డబుల్, కుడివారు పాస్. ఇప్పుడు మనం పాస్ అంటే ఒక డైమను మీద డబుల్ ఖాయమవుతుంది. ఇక్కడ మనం ఎడమవారి కింద కూర్చున్నాం, చోటు మనకు ప్రతికూలం. కాబట్టి రాణి, ఎనిమిది, ఆరు, నాలుగు, మూడు లాంటి పొడుగు సరిపోదు. రాణి, జాకీ, పది, తొమ్మిది, ఏడు, ఐదు లాంటి వరస ఉండాలి. తురుపు ఆడించేది వాళ్లు కాదు, మనం అన్నట్టుండాలి. అందుకే ఇలా పాస్ అయినప్పుడు పార్ట్‌నర్ తురుపే లీడ్ చెయ్యాలన్నది పాత నియమం, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. బలహీనమైన చేత్తో, ఏ రంగు పాడాలో తోచక పాస్ అనడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు. డబుల్‌కు జవాబుగా బలం లేకపోయినా పాడాలి, బలమైన తురుపు ఉంటేనే పాస్ చెయ్యాలి.

అదే రంగు మనమూ పాడటం గురించి అభిప్రాయాలు ఎక్కువ, ఏకాభిప్రాయం తక్కువ. కుడివారు ఒక ఆఠీను పాడగానే మనం రెండు ఆఠీన్లు అంటే ఒకప్పుడు చాలా బలమైన టేకౌట్ అని అర్థం. మయామీకి చెందిన మైకేల్ మైకేల్స్ పేరుమీద వచ్చిన పద్ధతి దాన్ని రెండు రంగుల చేతికి, ఇక్కడ ఇస్పేట్లూ ఒక చిన్న రంగూ ఉన్నదానికి మార్చింది. ఇవాళ ఎక్కువమంది ఆడేది ఇదే. కానీ చిన్న రంగుల దగ్గర చిక్కు వస్తుంది. సి.సి. వే రూపొందించిన ప్రెసిషన్ పద్ధతితో తైవాన్ జట్టు 1969లో ప్రపంచ జట్ల పోటీ బెర్ముడా బౌల్‌లో ఫైనల్ దాకా వెళ్లాక ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. అందులో ఒక డైమను పాటకు రెండే డైమన్లు ఉండవచ్చు. ఐదు ముక్కల పెద్ద రంగు ఆడే చాలామంది ఒక కళావరు కూడా రెండు మూడు ముక్కలతో పాడుతున్నారు. వాళ్ల దగ్గర నిజంగా లేని రంగును వాళ్ల రంగు అనుకుని మనం వదులుకోవడం దండగ. రెండు ముక్కలతోనూ ఉండవచ్చని వాళ్లే ప్రకటించిన పాట మీద మన రెండు కళావర్లు, రెండు డైమన్లు మామూలు సొంత పాటగా ఆడమంటాను.

నాలుగో చేతిలో ఇది ఇంకా స్పష్టం. ఎడమవారు ఒక కళావరు, కుడివారు ఒక ఇస్పేటు అన్నారు. మిగతా రెండు రంగులూ ఉంటే మనకు డబుల్ ఉంది, మరీ పొడుగైతే రెండు నోట్రంప్ ఉంది. అలాంటప్పుడు రెండు ఇస్పేట్లను ఇంకో రెండు రంగుల పాటగా వృథా చెయ్యడమెందుకు? ఆరు ఇస్పేట్లు ఉన్నాయి, కుడివారి మీద కూర్చున్నాను అని చెప్పడానికే దాన్ని ఉంచుకోవాలి. రెండు కళావర్లు కూడా సొంత రంగుగానే. దీన్ని అంగీకరించని మంచి ఆటగాళ్లు ఉన్నారు. వారికి నా జవాబు ఒకటే: ఈ పాటలకు ఇంకో అర్థం ఇచ్చినప్పుడు ఆ పొడుగు రంగు చెయ్యి ఏ మాటతోనూ చెప్పలేని చెయ్యిగా మిగిలిపోతుంది.

బ్రిడ్జిలో లేని రంగు పాడి బెదిరించడం నియమాలకు లోబడిన ఎత్తే. దాన్ని సైక్ అంటారు. ఎడమవారు ఒక ఆఠీను, పార్ట్‌నర్ డబుల్, కుడివారు ఒక ఇస్పేటు. మన చేతిలో ఇస్పేట్లు నాలుగు, అందులో రెండు పెద్దవి. పార్ట్‌నర్ డబుల్ ఇస్పేట్లు ఉన్నాయని చెప్పింది. కుడివారి దగ్గర అవి ఎక్కణ్నుంచి వచ్చాయి? ఎన్నో జోడీలు ఇక్కడ మోసపోయి మిగతా రంగుల్లో తిరుగుతూ సొంత రంగును పోగొట్టుకున్నాయి. ఈ చోట మన డబుల్ శిక్షకే, ఇస్పేట్లు నాలుగున్నాయనే, రెండు ఇస్పేట్లు పాడితే ఐదున్నాయనే అనుకోవడం సరైన కాపలా. మిగిలిన చాలా డబుల్‌లను టేకౌట్ అర్థాలకు వదిలేసినా దీన్ని మాత్రం వదలొద్దు. ఏడాదికి నాలుగుసార్లే రావచ్చు, వచ్చినప్పుడు బోర్డు అంతా దీని మీదే ఉంటుంది.

పార్ట్‌నర్ ఒక నోట్రంప్‌తో తెరిచాక కుడివారు రెండు ఆఠీన్లు పాడితే మూడు దారులున్నాయి. డబుల్ శిక్ష, డబుల్ టేకౌట్, లేదా వాళ్లు పాడకపోతే మనం పాడేది అదే అన్న అర్థం. మూడోది నేర్చుకోవడం సులువు, కొత్త జోడీలు దానివైపు మొగ్గుతాయి. కానీ అందులో రాణి–జాకీ–తొమ్మిది–ఆరు ఆఠీన్లు ఉన్న చేతికి చోటే లేదు, పార్ట్‌నర్ కూడా దాన్ని ఊహించలేడు. టేకౌట్ ఆడితే ఆ చెయ్యి పాస్ చేసి, రెండు ఆఠీన్లే ఉన్న పార్ట్‌నర్ డబుల్ కోసం ఆగవచ్చు. గేమ్ బలం ఉంటే లెబెన్‌సోల్ అక్కరకొస్తుంది. 1970లో బ్రిడ్జ్ వరల్డ్ పత్రికలో జార్జ్ బోమ్ వివరించిన ఈ పద్ధతిలో మన రెండు నోట్రంప్ పార్ట్‌నర్‌ను మూడు కళావర్లకు తీసుకెళుతుంది. ఆ దారిలో వెళ్లి మూడు నోట్రంప్ అంటే అడ్డు ఉన్నట్టు, నేరుగా మూడు నోట్రంప్ అంటే లేనట్టు. అడ్డు మన దగ్గర సగమే ఉన్నప్పుడు, అంటే రాణితో రెండు ముక్కలో జాకీతో మూడు ముక్కలో ఉన్నప్పుడు, వాళ్ల రంగు పాడి పార్ట్‌నర్‌ను అడగడం మేలు. రాజు–రెండు ఉన్నవారు కాంట్రాక్టు ఆడాలి, లీడ్ వారి చేతిలోకి రావాలి. అలా అయితేనే ఆ రాజుకు ప్రాణం.

పెద్ద ముక్కలు లేకుండా వాళ్ల రంగులో పొడుగు ఉండటం గురించి పుస్తకాలు తక్కువ చెబుతాయి, బల్ల దగ్గర మాత్రం ఇదే ఎక్కువగా ఎదురవుతుంది. వాళ్లు ఇస్పేట్లు పాడి పెంచారు. మన దగ్గర నాలుగు చిన్న ఇస్పేట్లు. చూడగానే నిస్పృహ కలుగుతుంది, కానీ లెక్క కట్టండి. వాళ్లకు ఎనిమిదైనా ఉన్నాయి, మనకు నాలుగు, పార్ట్‌నర్‌కు మహా అయితే ఒకటి. మన రంగు తురుపైతే అతను వాళ్ల ఇస్పేట్లను ఒక ట్రిక్కుతోనే ఆపేస్తాడు. మన బలం పనికిరాని రంగులో ఒక్కటీ వృథా కాలేదు. ఇలాంటి చేత్తో ఇంకొక మట్టం పైకి పాడాలి. ఫ్రాన్సుకు చెందిన జాన్-రెనే వెర్న్ 1969లో చెప్పిన, లారీ కోహెన్ 1992 పుస్తకంతో ప్రాచుర్యం పొందిన మొత్తం ట్రిక్కుల సూత్రం ఈ ఊహకు లెక్కను ఇచ్చింది. రెండు జోడీల తురుపు ముక్కల్ని కలిపితే రెండు జోడీలూ చెయ్యగల ట్రిక్కుల మొత్తం దాదాపు అంతే ఉంటుందని దాని సారం. వాళ్ల రంగులో రాణి–జాకీ లాంటివి మన దగ్గర ఉంటే ఆ మొత్తం తగ్గుతుంది. ఆడేటప్పుడు అవి మనకు పనికిరావు, అడ్డుకునేటప్పుడు వాళ్లకు అడ్డం. అప్పుడు పాడకుండా అడ్డుకోవడమే మేలు. మూడు చిన్న ముక్కలు మాత్రం అన్నిటికంటే చెడ్డవి. పార్ట్‌నర్‌కు రెండు ఉండే ప్రమాదం ఎక్కువ, రెండు ట్రిక్కులు చేజారతాయి.

ఇక్కడ నిజాయితీ గురించి చెప్పకపోతే మిగతా సమీక్షకు అర్థం లేదు. ట్రాప్ పాస్ చేసేటప్పుడు చాలామంది ఆలోచిస్తారు. ఆ ఆగడమే పార్ట్‌నర్‌కు సమాచారం. రెండు సెకన్లు ఆగి పాస్ అన్నది వినగానే, ఎదుటివారి దగ్గర వాళ్ల రంగు ఉందనో, ఏదో బలం ఉందనో అతనికి అర్థమైపోతుంది. అలా తెలిసింది వాడుకుని తెరవడం ఆట నియమాలకు విరుద్ధం. 2017 నియమావళిలో 16వ నియమం ఇలాంటి అనధికార సమాచారం గురించి, 73వ నియమం మాటలూ ఆగడాలూ సమానంగా ఉంచాల్సిన బాధ్యత గురించి, 40వ నియమం జోడీ ఒప్పందాలను ప్రత్యర్థులకు తెలియజెయ్యడం గురించి చెబుతాయి. స్వరంలో తేడా ద్వారా పాట అర్థం మారకుండా ఉండటానికే 1960ల్లో స్వీడన్‌లో పాటల పెట్టెలు వచ్చాయి. ముఖాలు కనబడకుండా 1975 బెర్ముడా బౌల్‌లో తెరలు కట్టారు. ఆన్‌లైన్‌లో ముఖం లేదు, కానీ ఆగడం అక్కడా తెలుస్తుంది.

మన ఊళ్లలో బల్ల దగ్గర కనుసైగ, దగ్గు, ముక్కలు సర్దుకునే తీరు ఆటలో భాగమనుకునే అలవాటు పాతది. బ్రిడ్జికి వచ్చేవారు దాన్ని గడప దగ్గరే వదలాలి. రీఓపెనింగ్ డబుల్ ఒప్పందం గట్టిగా ఉంటే ఈ చిక్కు చాలావరకు పోతుంది. పొట్టిగా ఉన్నవారు ఎప్పుడూ తెరుస్తారు, ఎదుటి పాస్ వేగంగా వచ్చినా ఆలస్యంగా వచ్చినా. ఆ కట్టుబాటు ఉన్న జోడీ మీద ఎవరూ వేలెత్తి చూపలేరు. దాన్ని కన్వెన్షన్ కార్డు మీద రాసుకోవాలి. అడిగినవారికి పూర్తిగా చెప్పాలి. మేము మామూలుగానే ఆడతాం అన్న జవాబు సరిపోదు.

నెగటివ్ డబుల్ తర్వాతి మార్పుల్లో, వాళ్ల రంగు ఉన్నవాడి సమస్యను మళ్లీ తట్టిలేపింది సపోర్ట్ డబుల్. ఎరిక్ రాడ్వెల్ తెచ్చిన ఈ పద్ధతిలో, మన ఒక కళావరుకు పార్ట్‌నర్ ఒక ఆఠీను అన్నాక కుడివారు ఒక ఇస్పేటు పాడితే, మన డబుల్ ఆఠీన్లు సరిగ్గా మూడు ఉన్నాయని చెబుతుంది. మద్దతు లెక్క కచ్చితంగా తెలుస్తుంది కనుక దీని విలువ కాదనలేం. అయితే ఆసు, రాణి, పది, ఎనిమిది ఇస్పేట్లు ఉన్న చేయి ఇక్కడ కూడా మౌనంగా ఉండాలి. ఈసారి తెరవాల్సిన బాధ్యత పార్ట్‌నర్‌ది, కానీ అతని బలం 6 పాయింట్లే కావచ్చు. కాబట్టి తప్పక తెరవమనే ఒప్పందం ఇక్కడ కుదరదు. సమంగా ఉన్న చేయి అయితే ఒక నోట్రంప్ పాడటమే దారి. లేదంటే ఆ ఒక్క శిక్షను వదులుకోవాలి. వదులుకోవడం నష్టమే అయినా, మూడు ముక్కల మద్దతు చెప్పగలగడం అంతకంటే ఎక్కువసార్లు పనికొస్తుంది.

చివరికి నెగటివ్ డబుల్ ఎంత మట్టం దాకా అన్నది. రెండు ఇస్పేట్ల దాకా చాలని కొందరు, నాలుగు ఆఠీన్ల దాకా అని మరికొందరు కార్డు మీద రాస్తారు. కొత్త జోడీకి మూడు ఇస్పేట్లు సరైన హద్దు. దాని లోపల వాళ్ల రంగు ఉన్నవారు పాస్ అంటారు, పొట్టిగా ఉన్నవారు తెరుస్తారు. నాలుగో మట్టంలోకి పాట వెళ్లాక తెరవడానికి చోటు మిగలదు. అక్కడ డబుల్ అంటే బలం ఉంది, వాళ్ల రంగులో ఒకటో రెండో ట్రిక్కులు రావచ్చు అని చదవాలి. అసాధారణంగా పొడుగు రంగు ఉంటే తప్ప పార్ట్‌నర్ దాన్ని తియ్యకూడదు, డబుల్ అన్నవారు తురుపు ముక్క లీడ్ చేసి ఆట మొదలుపెట్టవచ్చు.